ల్యాండ్ అక్నాలెడ్జ్‌మెంట్ గారికి, కెనడాలోని మిస్సిసాగా నుంచి

నమస్కారమండీ.

మీరు నన్ను గుర్తుపట్టరు గానీ మీరు నాకు బాగా తెలుసు, ఇక్కడ మీటింగు మొదలయ్యే ముందు ఈ నేల ఏ ఆదివాసులదో చదివే నాలుగు మాటలే కదా మీరు, వారానికి రెండు మీటింగుల్లో కలుస్తాం, నేను కెమెరా ఆఫ్ చేసి ఇడ్లీ తింటుంటే మీరు మొదలెడతారు, మనం మిస్సిసాగాస్ ఆఫ్ ద క్రెడిట్ వాళ్ళ భూమి మీద ఉన్నాం అని, ముప్పై సెకన్లు, ఆ వెంటనే "ఓకే, నెక్స్ట్ స్లైడ్". నేనుండే ఊరి పేరు ఒక జాతి పేరని మీరు చెప్తేనే తెలిసింది, అప్పటిదాకా నాకది ఇండియన్ గ్రోసరీ బాగా దొరికే ఊరు, అంతే. దానికి మాత్రం థ్యాంక్స్.

మొదట్లో మిమ్మల్ని సంకల్పం అనుకున్నా. మా పంతులుగారు కూడా పూజకి ముందు ఎక్కడ కూర్చున్నామో చెప్తారు, ఇక్కడైతే జంబూద్వీపే బదులు క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అంటారు. కాకపోతే ఆయన సంకల్పం చెప్పాక పూజ కూడా చేస్తారు. కెనడా గవర్నమెంటు సంకల్పం చెప్పేసి నేరుగా ప్రసాదం పంచుకుంటోంది.

ఆ భూమి కథేంటా అని వెతికా. 1787లో బ్రిటిష్ వాళ్ళు ఈ మిస్సిసాగాస్ దగ్గర మా పక్కనున్న టొరంటో రాయించుకున్న కాయితం చూస్తే ఖాళీ, సంతకాలున్నాయి గానీ ఏం కొన్నారో ఎంత కొన్నారో లేదు, 1805లో మళ్ళీ 10 షిల్లింగులకి రాయించుకున్నారు. తెల్లకాగితం మీద వేలిముద్ర మన ఊళ్ళ కనిపెట్టుడే అనుకున్నా ఇన్నాళ్ళూ. 2010లో 14.5 కోట్ల డాలర్లిచ్చి సెటిల్ చేశారు, భూమి మాత్రం ఎవరి దగ్గరుందో మీకు నేను చెప్పాలా.

ఇక 2015లో ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ వాళ్ళు, ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి లాక్కెళ్ళి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్ళ గురించి విని విని 94 పనులు చెయ్యమని రాసిచ్చారు. అందులో 94వది పౌరసత్వ ప్రమాణంలో ఆదివాసుల ట్రీటీల మాట చేర్చడం, అది 2021లో అయిపోయింది, నేనూ చదివా, కళ్ళు కూడా చెమర్చాయి. మాటలతో అయ్యే పనికి ఖర్చేముందండీ. ఆ స్కూళ్ళ పిల్లల జ్ఞాపకంగా సెప్టెంబర్ 30ని సెలవు కూడా చేశారు, మొదటి ఏడాది ఆ రోజున అప్పటి ప్రధాని ట్రూడో ఫ్యామిలీతో టొఫీనో బీచికెళ్ళాడు.

నీళ్ళ సంగతొచ్చేసరికి వేరే. రిజర్వుల్లో, అంటే ఆదివాసులకి మిగిల్చిన ఊళ్ళల్లో, ఏళ్ళ తరబడి వేలాడుతున్న తాగునీటి హెచ్చరికలన్నీ 2021 మార్చికల్లా తీసేస్తామన్నారు. వందకి పైనే తీశారు, కాదనను. కానీ ఉత్తర ఒంటారియోలో నెస్కంటగా అని ఒక ఊరుంది, అక్కడ "కాచకుండా తాగొద్దు" అన్న నోటీసు 1995లో పెట్టారు, 2025కి దానికి ముప్పయ్యేళ్ళు నిండాయి, అక్కడ పుట్టిన పిల్లలకి పిల్లలు పుట్టారు గానీ కొళాయి నీళ్ళు బాగుపడలేదు. అదే 2025 జూన్‌లో పెద్ద ప్రాజెక్టులు త్వరగా కట్టేందుకు సీ-5 అని ఒక బిల్లు తెచ్చారు, 6న పెట్టారు, 26కి చట్టం. ఇరవై రోజులు. ఆ తర్వాత జూలైలో ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ జాతుల పెద్దల్ని పిలిచి మీ అభిప్రాయమేంటి అన్నాడు ప్రధాని కార్నీ, మూడు ముళ్ళూ పడ్డాక పిల్లనడిగినట్టు. ఆ సభలో కూడా మీరుండే ఉంటారు, మీరు లేనిదెక్కడ.

పెద్ద నీతులు చెప్తున్నా గానీ, పోలవరం కింద ఊళ్ళు వదిలేసిన కోయలు, కొండరెడ్ల పేర్లు మా వాళ్ళు ఏ మీటింగులోనూ చదవరు, అంటే మీపాటి మొహమాటం కూడా లేదన్నమాట.

మొన్న సత్యనారాయణ వ్రతానికి పంతులుగార్ని అడిగా, సంకల్పంలో మిస్సిసాగాస్ పేరు కూడా కలపకూడదా అని. ఆయన కాసేపు ఆలోచించి, "కలుపుదాం నాయనా, మరి వాళ్ళకి తాంబూలం ఎవరిస్తారు?" అన్నారు.

ఇట్లు,
మంగళవారం పదింటికి మళ్ళీ మ్యూట్‌లో ఉండే మీ వాడు