యుద్ధం తర్వాతి మాచెక్ గురించి కూడా రాయాల్సింది

పోలండ్ జనరల్ స్తానిస్వావ్ మాచెక్ మీద వ్యాసం బాగుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఫ్రాన్స్‌లో జర్మన్లతో జరిగిన ఫలేజ్ యుద్ధం గురించి వివరంగా రాశారు. కానీ ఆ తర్వాతి జీవితాన్ని రెండు ముక్కల్లో తేల్చేయడం బాధనిపించింది. 1944 అక్టోబర్‌లో ఆయన ట్యాంకుల దళం నెదర్లాండ్స్‌లోని బ్రెడాను చుట్టుముట్టి, ఊరు పెద్దగా దెబ్బతినకుండా జర్మన్ల నుంచి విడిపించింది. అలాంటి మనిషికి 1946లో సొంత దేశపు కమ్యూనిస్టు ప్రభుత్వం పౌరసత్వం రద్దు చేసింది. ఆయన యుద్ధంలో తన పక్షాన పోరాడినా, బ్రిటన్ జనరల్ స్థాయి పెన్షన్ ఇవ్వలేదు. ఇంటి ఖర్చుల కోసం బ్రిటన్‌లోని ఎడిన్‌బరోలో ఒక హోటల్ బార్‌లో గ్లాసులు అందించాడు. ఎంత అన్యాయం! బ్రెడా వాళ్లు మాత్రం ఆయన్ని మర్చిపోలేదు, గౌరవ పౌరుణ్ని చేసుకున్నారు. 1994లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూస్తే తన సైనికుల పక్కనే, బ్రెడాలోనే ఖననం చేశారు.