చలికాలపు దిగులు, రోజుకు 60,000 యూనిట్లు

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిందంటే మా కోనసీమ వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఈసారి అది నాకు పాత సహోద్యోగుల గ్రూపు నుంచి వచ్చింది, గుడి కమిటీ గ్రూపు నుంచి వచ్చింది, చివరకు మా వీధి మంచినీటి కుళాయిల గొడవ కోసం పెట్టుకున్న గ్రూపు నుంచి కూడా వచ్చింది. పంపిన ప్రతివారూ "చూడండి మాస్టారూ, పదిమందికీ పనికొచ్చే సంగతి" అని పైన ఒక మాట చేర్చారు. పదిమందికీ పనికొచ్చేదో, పదిమందినీ ఆసుపత్రికి పంపేదో విడమరచి చెప్పకపోతే ఇది సంక్రాంతి దాటినా ఆగేటట్టు లేదు.

సందేశం సారాంశం ఇది. చలికాలంలో ఎండ తగ్గి ఒంట్లో డి విటమిన్ పడిపోతుందట, మనసు దిగులు పడేది అందువల్లనేనట, శాస్త్రజ్ఞులు దీనిని నిరూపించారట. కనుక ఇంటిల్లిపాదీ ధనుర్మాసం నెల పొడుగునా రోజుకొక 60,000 యూనిట్ల డి3 పొట్లాన్ని పాలలో కలుపుకొని తాగాలట. దానితో పాటు బి కాంప్లెక్సు, జింకు, బయోటిన్ వేసుకోవాలట. విటమిన్లే కాబట్టి ఎంత వేసుకున్నా హాని లేదట. ఇవి మొదలుపెట్టినవారు డిప్రెషన్ మాత్రలను మానేయవచ్చునట. ఉదయం అరగంట ఎండలో నడవమని మధ్యలో ఒక వాక్యం, చివర మూడు నెలల కిట్టును కొరియర్‌లో పంపే ఒక ఫోను నంబరు కూడా ఉన్నాయి.

ముందుగా ఎండ తగ్గడం గురించి. ఋతువును బట్టి వచ్చే డిప్రెషన్ కల్పితమేమీ కాదు. 1984లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు దానిని వివరించి పేరు పెట్టారు. ఏటా శీతకాలం రాగానే అతినిద్ర, పిండిపదార్థాల మీద విపరీతమైన కోరిక, బరువు పెరగడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం మొదలై, వసంతం రాగానే సర్దుకోవడం దాని లక్షణం. అయితే అది ఎక్కడి శీతకాలం? డిసెంబరు చివరి వారంలో లండన్‌లో పగలు ఎనిమిది గంటలు నిండదు, హెల్సింకీలో ఆరు గంటలు నిండదు, నార్వే ఉత్తరాన ఉన్న ట్రామ్సో పట్టణంలో అసలు సూర్యోదయమే ఉండదు. అమలాపురంలో సంవత్సరం మొత్తంలో అతి చిన్న పగలు పదకొండు గంటల పైమాటే. అతి పెద్ద పగటికీ దానికీ మధ్య తేడా రెండు గంటలు. పొద్దున పంట కాలువల మీద మంచు పట్టినా తొమ్మిదయ్యేసరికి విడిపోయి, సార్వా కుప్పలు నూర్చేవాళ్లు తలకు తువ్వాలు చుట్టుకొనేటంత ఎండ కాస్తుంది. మా ఊళ్లకు మబ్బు పట్టే కాలం శ్రావణ భాద్రపదాలే గాని పుష్యమాసం కాదు. ఎవరో చలిదేశపు రాతను తెలుగు చేసి, దేశం పేరు తీసేసి, ధనుర్మాసం పేరు తగిలించారు.

ఇక్కడివారికి దిగులు రాదని నేను అనడం లేదు. వస్తుంది, అన్ని నెలలలోనూ వస్తుంది. కోతకు వచ్చిన చేను తుపానుకు నీళ్లలో పడుకున్నప్పుడూ, రొయ్యల చెరువు మీద పెట్టిన అప్పు తిరిగి రానప్పుడూ, పండగకు వచ్చిన పిల్లలు కనుమ మర్నాడు బండెక్కి వెళ్లిపోయినప్పుడూ వస్తుంది. గుర్తించని థైరాయిడ్ లోపం వల్లా, రోజూ తాగే మందు వల్లా వస్తుంది. వీటిలో దేనికీ సూర్యుడి వాలుతో సంబంధం లేదు.

రెండవది, "శాస్త్రజ్ఞులు నిరూపించారు" అన్న మాట. ఇలాంటి రాతలు చూపించే పరిశోధన ఒకటి నిజంగానే ఉన్నది. 1999లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో శీతకాలపు డిప్రెషన్ ఉన్నవారిలో కొందరికి డి విటమిన్, కొందరికి దీపకాంతి చికిత్స ఇస్తే, డి విటమిన్ తీసుకున్నవారు మెరుగుపడ్డారు. రెండు పక్షాలూ కలిపి 15 మంది. మా వీధి నీటి గ్రూపులో అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. తరువాత జరిగిన పెద్ద పరిశీలనల సంగతి సందేశంలో ఎక్కడా కనిపించదు. 2006లో బ్రిటన్‌లో రెండు వేలకు పైగా వృద్ధ స్త్రీలను పరిశీలిస్తే శీతకాలపు మనఃస్థితిలో డి విటమిన్ వల్ల తేడా ఏమీ రాలేదు. 2014లో డెన్మార్కులో ఈ జబ్బు లక్షణాలున్న ఆసుపత్రి సిబ్బందికే ఇచ్చి చూసినా ఫలితం కనిపించలేదు. 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం 50 ఏళ్లు దాటిన 18,353 మందిపై జరిగింది. రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఐదేళ్లకు పైగా వాడినా డిప్రెషన్ రావడం తగ్గలేదు.

ఇందులో వెలుగు వేరు, విటమిన్ వేరు అన్న సంగతి ఒకటుంది, సందేశం రాసినవారు రెండింటినీ కలిపేశారు. చలిదేశాలలో ఈ జబ్బుకు వాడే 10,000 లక్సుల (లక్సు అంటే వెలుగు కొలత) దీపం నుంచి అతినీల లోహిత కిరణాలను వడకట్టి తీసేస్తారు. దాని ముందు ఎంతసేపు కూర్చున్నా ఒంట్లో డి విటమిన్ తయారు కాదు. అయినా అది పనిచేస్తుంది, ఎందుకంటే దాని పని కంటి ద్వారా మెదడులోని నిద్రా మెలకువల గడియారం మీద. డి విటమిన్ తయారయ్యేది చర్మంలో, అదీ ముఖ్యంగా నడిపొద్దు ఎండకు. కాబట్టి పొద్దుటి ఎండ మనసుకు చేసే మేలును డి విటమిన్ ఖాతాలో వేయడం కుదరదు.

ఇక మోతాదు. నేను ఇదంతా రాయడానికి కూర్చున్నది దీనికోసమే. 60,000 యూనిట్ల పొట్లం డాక్టర్లు రాసేదే, మన మందుల షాపులలో దొరికేదే. రక్తపరీక్షలో లోపం తేలినవారికి సాధారణంగా వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు ఇస్తారు, మొత్తం 4,80,000 యూనిట్లు. ఈ సందేశం చెప్పినట్టు రోజుకొకటి తాగితే నెలకు 18 లక్షలు. భారత వైద్య పరిశోధన మండలి పెద్దవారికి సూచించిన రోజువారీ అవసరం 600 యూనిట్లు, దాటకూడదన్న హద్దు 4,000 యూనిట్లు. రోజుకొక పొట్లమంటే అవసరానికి నూరు రెట్లు, హద్దుకు పదిహేను రెట్లు. ఎకరానికి చల్లవలసిన యూరియాను ఒక్క నారుమడిలో కుమ్మరించే రైతును మనం ఏమంటామో, ఇంటిల్లిపాదికీ ఈ పొడి కలిపిచ్చే పెద్దమనిషిని కూడా అదే అనాలి.

"విటమిన్లే కాబట్టి హాని లేదు" అన్న వాక్యం ఈ సందేశంలోని విషం. ఎక్కువైన డి విటమిన్ మూత్రంలో పోదు, కొవ్వులో నిలవ ఉంటుంది, మాత్ర ఆపిన తరువాత కూడా వారాలూ నెలలూ పనిచేస్తూనే ఉంటుంది. దాని వల్ల రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. అప్పుడు వాంతులు, మలబద్ధకం, తీరని దాహం, మాటిమాటికీ మూత్రం, మూత్రపిండాలలో రాళ్లు, ముదిరితే మూత్రపిండాలు దెబ్బతినడం. వీటితో పాటు నీరసం, దిగులు, మతి స్థిమితం తప్పడం కూడా దాని లక్షణాలే. అంటే దిగులు పోవాలని మొదలుపెట్టిన పొడి దిగులును తెచ్చిపెడుతుంది. అప్పుడు మన గ్రూపులోని మిత్రులు "మోతాదు చాలలేదేమో" అని మరొక నెల సలహా ఇవ్వడానికి సిద్ధంగానే ఉంటారు. రక్తపోటుకు థయజైడ్ రకం మాత్రలు వాడే పెద్దవారిలో ఈ ముప్పు మరింత ఎక్కువ, ఎందుకంటే ఆ మాత్రలు కాల్షియంను ఒంట్లోనే నిలిపి ఉంచుతాయి; గుండెకు డిగాక్సిన్ వాడేవారిలో కాల్షియం పెరిగితే గుండె లయ తప్పవచ్చు. ధనుర్మాసంలో తెల్లవారుజామునే లేచి గుడికి వెళ్లే మా పెద్దవాళ్లలో రక్తపోటు మాత్ర వేసుకోనివారు ఎంతమంది?

పొడి కంటె "ఒకే ఒక్క ఇంజక్షను, ఆరు లక్షల యూనిట్లు, ఏడాదంతా బలం" అంటే మనవాళ్లకు మరీ గురి. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన 2,256 మంది స్త్రీలపై జరిగిన పరిశీలనలో సగం మందికి ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు నోటి ద్వారా ఇచ్చారు. 2010లో వెలువడిన ఫలితం ఏమిటంటే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటె వీరే ఎక్కువ సార్లు పడిపోయారు, వీరికే ఎముకలు ఎక్కువగా విరిగాయి. బలం ఏడాది పొడుగునా అలా పనిచేసింది.

మాత్రలు మానేయవచ్చునన్న వాక్యం గురించి నేను వ్యంగ్యంగా రాయలేను. డిప్రెషన్ మాత్రలను ఒక్కసారిగా ఆపినవారికి తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, విపరీతమైన చిరాకు వస్తాయి. కొందరిలో అసలు జబ్బే మొదటికంటె తీవ్రంగా తిరగబెడుతుంది. మనఃస్థితి విపరీతంగా మారే జబ్బుకు లిథియం అనే మందు వాడేవారు హఠాత్తుగా మానితే ఇంకా ప్రమాదం. మన ఊళ్లలో ఆ మాత్ర వాడుతున్నట్టు పక్కింటివారికి కూడా చెప్పుకోలేక, మానడానికి ఒక సాకు కోసం చూసేవారు ఎక్కువ. సరిగ్గా వారి చేతికే ఈ సందేశం ఆ సాకును అందిస్తున్నది. మానాలనిపిస్తే రాసిన డాక్టరునే అడగాలి, వారే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారూ, వారి ఇంట్లోవారూ ఏ వేళనైనా 14416కు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

బి కాంప్లెక్సు గురించి ఎక్కువ అక్కరలేదు. పూర్తి శాకాహారులకూ, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికీ బి12 తగ్గవచ్చు, తగ్గితే మనసు కుంగడం, కాళ్లు తిమ్మిర్లెక్కడం నిజమే. పరీక్ష చేయించుకొని వేసుకోవాలి. బి6ను పెద్ద మోతాదులో నెలల తరబడి వేసుకుంటే నరాలే దెబ్బతింటాయి. బయోటిన్ వేసుకుంటూ థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే ఫలితం తప్పుగా రావచ్చు, కనుక దిగులుకు అసలు కారణం థైరాయిడే అయినవారికి ఆ కారణం దొరకదు. జింకు దిగులును పోగొడుతుందని నమ్మదగిన ఆధారం లేదు. పాలలోనే కలపాలన్న నియమానికి అర్థం లేదు, కొవ్వున్న ఏ భోజనం తరువాత వేసుకున్నా చాలు.

న్యాయంగా ఒప్పుకోవలసినవి కూడా ఉన్నాయి. ఇంత ఎండలో ఉన్నా మనవారిలో డి విటమిన్ లోపం బాగా ఉన్నది. మన రాష్ట్రంలోనే జరిగి 2008లో వెలువడిన అధ్యయనం పొలం పని చేసేవారి కంటె పట్టణవాసులలో డి విటమిన్ తక్కువగా ఉన్నట్టు చూపింది. ఒళ్లంతా నొప్పులతో, కండరాల నీరసంతో ఉన్న మనిషికి ఆ లోపం తీరితే ఒంటితో పాటు మనసు కూడా తేలికపడవచ్చు. లండన్‌లోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలు శీతకాలంలో డి విటమిన్ వేసుకోవడం తప్పు కాదు. బ్రిటన్ ఆరోగ్య శాఖ శీతకాలంలో అందరూ రోజుకు 400 యూనిట్లు వేసుకొనే విషయం ఆలోచించమని చెబుతుంది, ఎముకల కోసం, కండరాల కోసం. నాలుగు వందలు అన్న అంకెను మరొకసారి చదవండి. పైగా ఈ సందేశం పుణ్యమా అని మా గుడి అరుగు మీద డెబ్బై ఏళ్ల పెద్దమనిషి ఒకరు "నాకూ రెండేళ్లుగా ఇలాగే ఉంటోందండీ" అని నోరు విప్పి చెప్పారు. నేను చెప్పే ఏ మంచి మాటా ఇన్నేళ్లలో ఆ పని చేయలేదు.

ఉదయం అరగంట నడవమన్న వాక్యం కూడా మంచిదే. ఏటిగట్టు మీద పొద్దుటి వెలుగు ఆ విదేశీ దీపం ఇచ్చేదానికి తక్కువేమీ కాదు. కనుక మిత్రులు ఈ సందేశాన్ని పంపక తప్పదనుకుంటే, రోజుకొక పొట్లం, హాని లేదు, మాత్రలు మానేయండి అన్న మూడు వాక్యాలను చెరిపేసి, ఆ ఒక్క వాక్యం ఉంచి పంపితే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు కింద నంబరున్నవారి కిట్టు అమ్ముడుపోదు, ఆ కష్టం వారిది.