ఆ చేపల్ని ముతకవి అనకండి

మా ఇంట్లో చిన్నప్పుడు బియ్యానికి రెండు డబ్బాలు ఉండేవి. రోజూ వండేది దొడ్డుబియ్యం. చుట్టాలొస్తే, పండగొస్తే సన్నబియ్యం. దొడ్డన్నాన్ని ఎవరైనా చిన్నచూపు చూస్తే మా నాయనమ్మకి ఒళ్ళు మండేది. "ఈ ఇల్లు నిలబడింది ఆ అన్నం మీదేరా" అనేది. ఇంగ్లండు వచ్చి, గాలం పట్టుకుని నదుల వెంట తిరగడం మొదలుపెట్టాక ఆ మాట నాకు పదేపదే గుర్తొస్తోంది. ఇక్కడ చేపలకీ అదే లెక్క.

సాల్మన్, ట్రౌట్ అయితే 'గేమ్' చేపలు. మంచినీళ్ళలో దొరికే మిగతావన్నీ, రోచ్, డేస్, చబ్, బార్బెల్, పెర్చ్, బ్రీమ్, టెంచ్, పైక్, అన్నీ కలిపి 'కోర్స్' చేపలు. కోర్స్ అంటే ముతక. ముతక బట్ట అన్నట్టు ముతక చేప. ట్రౌట్ నీళ్ళున్న భూములు దొరలవి, మిగతా చేపలు పట్టుకునేది కార్మికులు. ఆ తేడాలోంచి వచ్చిన మాటే ఇది. ఇప్పటికీ చట్టంలో ఉంది, లైసెన్సులో ఉంది, జనం నోట్లో ఉంది. పేరే కదా అని ఊరుకునేవాణ్ణే. కానీ పేరు పెట్టాక దానికి తగ్గట్టే చూస్తారని నా కళ్ళతో చూశాను. అందుకే రాస్తున్నాను.

గ్రేలింగ్ అని ఒక చేప ఉంది. ట్రౌట్ కుటుంబమే. వీపు మీది రెక్క విప్పితే చిన్న తెరచాపలా ఉంటుంది. చల్లటి శుభ్రమైన నీళ్ళలో తప్ప బతకదు. అయినా చట్టం దాన్ని కోర్స్ చేపల్లోనే కలిపింది. కారణం, ట్రౌట్ చలికాలంలో గుడ్లు పెడుతుంది, గ్రేలింగ్ వసంతంలో పెడుతుంది. ఆ లెక్కలో తప్పేం లేదు, గుడ్లు పెట్టే కాలంలో ఏ చేపనైనా వదిలేయాల్సిందే. కానీ దక్షిణాన పేరుపొందిన సున్నపురాతి ఏర్లలో చాలా ఏళ్ళు ఈ గ్రేలింగ్‌ని చీడలాగా చూసి, ట్రౌట్‌కి పోటీ వస్తోందని ఏరి పారేసేవారు. అది ఏం తప్పు చేసిందని?

నేను ఉండేది డార్బీలో. మా దగ్గర నీటి దారి ఎలా వెళుతుందో ఒకసారి చూడండి. పైన సున్నపురాయి కొండల్లోంచి వై అనే ఏరు వస్తుంది (వేల్స్ వైపు అదే పేరుతో పెద్ద నది ఉంది, ఇది అది కాదు). బేక్‌వెల్ ఊళ్ళో రాతి వంతెన మీద నిలబడి కిందికి చూస్తే లావుపాటి ట్రౌట్లు ప్రవాహానికి ఎదురుగా నిలబడి కనిపిస్తాయి. అమెరికా నుంచి తెచ్చిన రెయిన్‌బో ట్రౌట్ బ్రిటన్‌లో తనంతట తాను పిల్లలు పెట్టి నిలదొక్కుకున్న చోట్లు చాలా తక్కువ. ఈ ఏరు వాటిలో ఒకటి. అది రౌస్లీ దగ్గర డెర్వెంట్‌లో కలుస్తుంది. డెర్వెంట్ మ్యాట్‌లాక్ దాటి, 1771లో ఆర్క్‌రైట్ నూలు మిల్లు పెట్టిన క్రామ్‌ఫర్డ్ దాటి, మా ఊరి మధ్య నుంచి వెళ్ళి షార్డ్‌లో దగ్గర ట్రెంట్‌లో పడుతుంది. పైన ట్రౌట్ రాజ్యం, కింద బార్బెల్, చబ్, రోచ్ రాజ్యం. మధ్యలో గీత ఎక్కడుందో నాకు ఇంతవరకు కనిపించలేదు. పైన ట్రౌట్ మీదుగా పారిన నీళ్ళే కింద బార్బెల్ మీదుగా పారతాయి.

ట్రౌట్ అంటే నాకు పడదని అనుకోకండి. మే చివర్లో వై ఒడ్డున గడిపిన సాయంత్రాలు నా జీవితంలోనే మంచి సాయంత్రాల్లో కొన్ని. ఆ రోజుల్లో మేఫ్లై లేస్తుంది. రెండేళ్ళ పాటు ఏటి అడుగున మట్టిలో పురుగుగా బతికి, ఒకనాడు పైకొచ్చి రెక్కలు విప్పుతుంది. రెక్కలొచ్చాక దానికి పనికొచ్చే నోరు ఉండదు. తినడం లేదు, తాగడం లేదు. ఒకటి రెండు రోజుల్లో జతకట్టి, గుడ్లు నీళ్ళ మీద వదిలి, రెక్కలు చాపుకుని అదే నీళ్ళ మీద పడిపోతుంది. మన దగ్గర తొలకరికి వీధిదీపం చుట్టూ ఉసిళ్ళు ముసిరినట్టు చెట్ల కింద గుంపులుగా లేచి దిగుతూ ఉంటాయి. అప్పుడు మొదలవుతుంది చప్పుడు, ట్రౌట్లు పైకొచ్చి వాటిని అందుకునే చప్పుడు. పెదవులతో ముద్దు పెట్టినట్టు 'చప్' అని ఒకటి, కాస్త అవతల ఇంకొకటి. ఈకలతో దారంతో గాలానికి కట్టిన ఉత్తుత్తి ఈగని ఆ చప్పుడుకి మూడడుగుల ఎగువన వాలేలా విసరాలి. దారం లాగినట్టు తెలిసిందా, చేప రాదు. మొదటి వేసవి మొత్తం నాకు ఒక్క ట్రౌట్ కూడా పడలేదు. అయినా ప్రతి శనివారం వెళ్ళాను.

నన్ను కదిలించింది రెండో వేసవి. జూలైలో డెర్వెంట్ మీద ఒక ట్రౌట్ క్లబ్బు నీళ్ళకి అతిథిగా వెళ్ళాను. విల్లో చెట్టు కింద నీడలో ఒక చేప పైకొచ్చి ఈగని అందుకుంది. బరువుగా లాగింది. వలలోకి తీసుకుంటే చబ్. మూడు పౌన్లు పైనే ఉంటుంది. తెల్లటి పెద్ద నోరు, ఇత్తడి రంగు ఒళ్ళు, ఒక్కో పొలుసుకీ సన్నగా నల్లంచు గీసినట్టు. నాకు సంతోషంతో చేతులు వణుకుతున్నాయి. ఎందుకంటే చబ్ మహా అనుమానపు చేప. ఒడ్డు మీద నీడ కదిలితే చాలు, ఆ గంటంతా మళ్ళీ కనిపించదు. అలాంటిది పైకి తేలే ఈగ మీద రావడం చిన్న విషయం కాదు. పక్కనున్న క్లబ్బు పెద్దమనిషి తొంగి చూసి, "ఓ, ముతకదా! నీళ్ళలో వేయకండి, అటు పారేయండి" అన్నాడు. అటు అంటే ఎటో అప్పుడు చూశాను. నెటిల్ పొదల్లో అంతకుముందు ఆయన పట్టిన చబ్ పడుంది. దాని మీద ఈగలు వాలుతున్నాయి. మొప్ప ఒక్కటి ఇంకా మెల్లగా తెరుచుకుంటోంది.

నా చేతిలో ఉన్నదాన్ని నేను నీళ్ళలోనే వదిలాను. ఆయన మళ్ళీ నాతో మాట్లాడలేదు. నన్నూ మళ్ళీ పిలవలేదు. దానికి బాధ లేదు. పొదల్లోని ఆ మొప్ప మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఆ ఏడాదే నేను కిందికి, ట్రెంట్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. స్టాఫర్డ్‌షైర్‌లో పుట్టి హంబర్‌లో కలిసేలోపు దాదాపు 300 కిలోమీటర్లు పారే నది. కుండల బట్టీలు, గనులు, బీరు తయారీ, బొగ్గు కరెంటు కేంద్రాలు, అన్నిటి మురికీ మోసింది. ఒకప్పుడు ఆ కేంద్రాల వేడినీళ్ళ దగ్గర రోచ్ కోసం జనం వరసలు కట్టేవారు. వాటిలో చివరిది, రాట్‌క్లిఫ్‌లోది, 2024 సెప్టెంబర్ 30న మూతపడింది. దాని పెద్ద గోపురాలు నేను కూర్చునే చోటు నుంచి కనిపిస్తాయి. అంత మురికి మోసిన నది కోలుకుని ఈ రోజు దేశంలోనే పేరున్న బార్బెల్ నది అయింది. చచ్చిపోయింది అనుకున్న నదికి ప్రాణం వచ్చిందని మనకు చెప్పింది ఎవరు? ముతక చేపలే.

బార్బెల్‌ని దగ్గర నుంచి చూస్తే ఆ మాట మీరు మళ్ళీ అనరు. జూలై చివర సాయంత్రం ఎనిమిదిన్నర. ఒడ్డంతా గులాబీరంగు హిమాలయన్ బాల్సం. 1839లో తోటల కోసం మన వైపు నుంచి తెచ్చిన మొక్క. ఇప్పుడు నదుల వెంట అడ్డూ అదుపూ లేకుండా పెరిగి, చలికాలంలో చచ్చి, ఒడ్డుని బోసిగా వదిలేస్తోంది. మన దేశపు మొక్క అయినా సరే, నేను వెళ్ళిన ప్రతిసారీ గింజలు పట్టకముందే నాలుగు పీకి వస్తాను. ఎర కోసం ఇంట్లో ఉడకబెట్టిన హెంప్ గింజలు తీసుకెళతాను. బాగా ఉడికితే నల్లటి తొక్క చిట్లి, లోపలి నుంచి తెల్లటి మొలకలాంటిది బయటికొస్తుంది. వాటిని గులకరాళ్ళ మీద గుప్పెడు చల్లి, వాటి మధ్య ఒక మాంసం ముక్క గాలానికి గుచ్చి పెట్టాలి. ఆ తర్వాత కూర్చోవడమే. గంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. పడినప్పుడు మాత్రం రాడ్ ఒక్కసారిగా స్టాండు మీద నుంచి ఎగిరిపోబోతుంది.

వలలోకి వచ్చాక చూడండి. ముక్కు కింద రెండు, నోటి చివర్లలో రెండు, నాలుగు మీసాలు. చీకట్లో రాళ్ళ మధ్య వెతుక్కునే వేళ్ళు అవి. ఒళ్ళు పాత బంగారం, కింది రెక్కలు పగడం రంగు. మన గోదావరి బొచ్చె, రవ్వ కూడా ఈ కార్ప్ కుటుంబంలోవే. నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు పరాయి చేపని చూసినట్టు అనిపించలేదు. అది ఉన్న బలమంతా పెట్టి పోరాడుతుంది. వేసవిలో వెచ్చటి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. కాబట్టి పట్టగానే వదిలేస్తే వెల్లకిలా పడి చచ్చిపోతుంది. ప్రవాహానికి ఎదురుగా తల ఉంచి, పొట్ట కింద చెయ్యి పెట్టి, నిటారుగా పట్టుకోవాలి. మొప్పలు ఆడుతూ ఉంటాయి. ఐదు నిమిషాలు, ఒక్కోసారి పది. నడుము నొప్పెడుతుంది, దోమలు కుడతాయి, వదలకూడదు. ఒక క్షణంలో దానంతట అదే తోక విసిరి చేతిలోంచి జారిపోతుంది. ఆ కుదుపు మోచేతి దాకా తెలుస్తుంది.

ఈ చేపలకంటూ మొదట చట్టం వచ్చింది 1878లో. తెచ్చింది షెఫీల్డ్ ఎంపీ ముండెల్లా. కత్తులు, చాకులు చేసే కార్మికులు ఆదివారం రైలెక్కి నదులకి వెళ్ళే ఊరు అది. దొరల ట్రౌట్‌కి ముందు నుంచే రక్షణ ఉంది, పేదవాడి రోచ్‌కి ఏదీ? అప్పుడు వచ్చిన విరామకాలమే ఇప్పటికీ నదుల మీద అమలులో ఉంది: మార్చి 15 నుంచి జూన్ 15 దాకా కోర్స్ చేపలు పట్టకూడదు. దాన్ని ఎత్తేయాలని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటుంటారు. చెరువులకి 1995లో ఎత్తేశారు కదా, నదులకెందుకు అని. నేను ఒప్పుకోను. చెరువులో చేపలు తగ్గితే లారీలో తెచ్చి వేస్తారు. నదిలో మే నెలలో గులకరాళ్ళ మీద గుడ్లు పెట్టే బార్బెల్‌ని తొక్కేస్తే ఏ లారీ తెచ్చి వేస్తుంది? ఆ మూడు నెలలు చేపకి మనం ఇచ్చే కనీస మర్యాద.

నా అసలు భయం మురుగు గురించి. 2023లో ఇంగ్లండులో మురుగు కాలువల నుంచి శుద్ధి చేయని నీళ్ళు వదిలిన సమయం మొత్తం కలిపితే 36 లక్షల గంటలు. ఇది ప్రభుత్వ లెక్కే. ఊళ్ళన్నిటి మురికీ చివరికి చేరేది కింది నదులకి, అంటే ముతక చేపల ఇంటికి. పోయిన ఏడాది ఆగస్టులో, నీళ్ళు బాగా తగ్గిన రోజుల్లో, ఒక చిన్న పాయలో పొద్దున ఐదింటికి రోచ్‌లు, గడ్జన్‌లు నీటి పైకి నోళ్ళు పెట్టి గాలి మింగుతుంటే చూశాను. ఎగువన ఒక పైపు, నీళ్ళ మీద బూడిదరంగు నురగ. ఏడింటికల్లా చాలావరకు తెల్ల పొట్టలు పైకి తిరిగాయి. అక్కడున్న ఒకతను నాతో అన్న మాట: "పోనీలే, చిన్న కోర్స్ చేపలే కదా." అతను చెడ్డవాడు కాదు. పేరు అలా నేర్పింది. అవే ట్రౌట్లయితే ఆ 'పోనీలే' వచ్చేదా? రాదని నాకు గట్టి నమ్మకం.

మనవాళ్ళకీ ఒక మాట చెప్పాలి. "పట్టి వదిలేయడం ఏంటన్నా, కూరకి పనికిరాదా" అని వాట్సాప్‌లో అడుగుతూనే ఉంటారు. నేనూ చేపల పులుసు తిని పెరిగినవాణ్ణే. కానీ ఇక్కడ నదుల్లో రూలు స్పష్టంగా ఉంది. 13 ఏళ్ళు నిండితే లైసెన్సు ఉండాలి, ఆ నీళ్ళ హక్కుదారు అనుమతీ ఉండాలి. రోచ్, డేస్, చబ్, బార్బెల్ లాంటివి 20 సెంటీమీటర్లు దాటితే వదిలేయాల్సిందే. పెద్ద చేపే గుడ్లు పెట్టే చేప. గంపలో వేసుకుని పోతే మన పేరూ పోతుంది, నదీ పోతుంది. వేసవిలో నీళ్ళు మరీ వెచ్చబడితే, ఇరవై డిగ్రీలకి దగ్గరపడితే, ట్రౌట్ కోసం గాలం వేయకండి. పట్టి వదిలినా బతకదు. చచ్చిన చేపలు, నురగ, దుర్వాసన కనిపిస్తే 0800 80 70 60 కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఆ పొద్దున నేను చేశాను.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ జూన్ 16న పొద్దున్నే తనతో ట్రెంట్‌కి వెళ్ళాను. చిన్నప్పుడు గోదావరి ఒడ్డున మా నాన్న నాకు నెమలి ఈక కాడతో బెండు చేసిచ్చేవాడు, ఇంగ్లండులో పాతకాలపు వాళ్ళు కూడా దానితోనే చేసేవారు. తనకి అలాంటిదే ఒకటి చేసిచ్చాను. మూడోసారి బెండు మునిగింది. అరచేతిలో పట్టేంత రోచ్, ఎర్రటి రెక్కలు, ఎర్రటి కన్ను. చెయ్యి తడి చేసుకుని పట్టుకోమన్నాను. కాసేపు చూసి, "దీని పేరేంటి నాన్నా?" అంది. రోచ్ అని చెప్పాను. ఇంకో మాట ఏదీ చెప్పలేదు. తను రెండు చేతులూ నీళ్ళలో ముంచి వేళ్ళు విప్పింది.