ఆత్మకథ గొప్పవాళ్లకే అనేవాళ్లతో నా పేచీ

ఆత్మకథ ఎవరు రాయాలి, ఎవరు రాయకూడదు అని తీర్పు చెప్పే పోస్టు ఒకటి కొన్నాళ్లుగా చేతులు మారుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: గొప్ప పనులు చేసినవాళ్ల జీవితాలే రాయదగ్గవి. జ్ఞాపకాలను నమ్మలేం కాబట్టి మామూలు మనిషి రాసేది సగం కల్పనే. పాత గాయాలు కెలికితే ఉన్న మనశ్శాంతి కూడా పోతుంది. కాబట్టి జీవితానికి అర్థమేమిటో ముందు తెలుసుకుని, రిటైరయ్యాక తీరిగ్గా పెన్ను పట్టాలి.

ఇది చదివి, సగం నింపిన నోటుబుక్కులు అటక మీద పడేసినవాళ్లు నాకు తెలుసు. జీవితకథలు రాసుకునేవాళ్లకు సాయపడటమే నా పని. ఈ మాటలు చేస్తున్న నష్టం రోజూ చూస్తున్నాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ముందుగా గొప్పతనం సంగతి. బనారసీదాస్ అనే వ్యాపారి 1641లో తన జీవితాన్ని పద్యాల్లో రాసుకున్నాడు. రాజు కాదు, సేనాపతి కాదు. వ్యాపారంలో పదేపదే నష్టపోయాడు, అప్పులు చేశాడు, తొమ్మిదిమంది బిడ్డలను పోగొట్టుకున్నాడు. 1605లో అక్బరు చనిపోయాడన్న వార్త చేరినప్పుడు తాను మెట్ల మీద కూర్చుని ఉన్నానని, తూలి పడితే తల పగిలి రక్తం కారిందని రాశాడు. ఆ రోజుల్లో తన ఊరు జౌన్‌పూర్‌లో జనం ఏం చేశారో కూడా చెప్పాడు. దుకాణాలు మూసేశారు, నగలు భూమిలో పాతిపెట్టారు, మంచి బట్టలు దాచేసి ముతకవి కట్టుకున్నారు. ఒక చక్రవర్తి పోతే మామూలు ఇంట్లో భయం ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ ఇంట్లో ఉన్నవాడే చెప్పాలి. సింహాసనం దగ్గర కూర్చున్న చరిత్రకారుడికి ఆ మెట్లు కనిపించవు.

రాససుందరీదేవి సంగతీ అంతే. 19వ శతాబ్దపు బెంగాల్లో ఒక ఇల్లాలు. ఆడవాళ్లు చదవడం తప్పనుకునే రోజుల్లో గ్రంథం నుంచి ఒక్క ఆకు తీసి వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన ఆకుతో పోల్చుకుంటూ, ఎవరి కంటా పడకుండా చదవడం నేర్చుకుంది. తర్వాత తన జీవితం తానే రాసుకుంది. రాసేనాటికి ఆమె చేసిన ‘గొప్ప పని’ ఏమిటంటే పిల్లల్ని పెంచడం, వంట చేయడం, దొంగచాటుగా చదువుకోవడం. అర్హత పరీక్ష పెట్టి ఉంటే ఈ ఇద్దరూ మనకు మిగిలేవారు కాదు.

జ్ఞాపకాలు నమ్మలేం అన్న మాటలో నిజముంది. దాన్ని తోసిపుచ్చను. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో మర్నాడు పొద్దున్నే విద్యార్థుల చేత కాగితం మీద రాయించారు ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు. రెండేళ్లు దాటాక వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. కొత్త జవాబు పాతదానితో ఎంత కలిసిందో చూసి మార్కులు వేస్తే, ఏడింటికి సగటున మూడు కూడా రాలేదు. నాలుగోవంతు మందికి సున్నా. అయినా చాలామంది గట్టి నమ్మకంతో చెప్పారు. తమ చేతిరాత చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఇది చూపించి రాయొద్దంటున్నారు. నేను ఇదే చూపించి రాయమంటాను. ఆ పరిశోధనలో జ్ఞాపకం జారిపోయింది, నిలిచింది మర్నాటి కాగితమే. పొరపాటు జరిగిందని తెలిసింది కూడా ఆ కాగితం ఉండబట్టే. రాయకుండా వదిలేసిన జ్ఞాపకం ఏమైనా శుద్ధంగా ఉంటుందా? అదీ మారుతూనే ఉంటుంది, ఎంత మారిందో చెప్పే సాక్ష్యం మాత్రం ఉండదు.

పైగా రాసేవాడు ఒంటరి సాక్షి కానక్కర్లేదు. ఉత్తరాలుంటాయి, పద్దుల పుస్తకాలుంటాయి, ఫొటోల వెనక తేదీలుంటాయి, అక్కలూ అన్నలూ ఉంటారు. అక్క చెప్పింది మీ జ్ఞాపకంతో కలవకపోతే రెండూ రాయండి: ‘నాకు గుర్తున్నది ఇది, అక్క మాత్రం ఆరోజు నేను అసలు ఇంట్లోనే లేనంటుంది.’ నా అనుభవంలో పుస్తకం ప్రాణం పోసుకునేది అలాంటి చోటే. లేని మనిషికి ఆ దృశ్యం కళ్లకు కట్టినట్టు ఎందుకు గుర్తుంది అన్న ప్రశ్న దగ్గర అసలు కథ మొదలవుతుంది. తెలిసి తెలిసి కల్పించి, నిజమని చెప్పడం వేరే సంగతి. అది మోసం, దాన్ని నేనూ సమర్థించను.

గాయాల మాటకు వద్దాం. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమను బాధించిన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే మనసు మరింత పాడైంది. తర్వాతి నెలల్లో మాత్రం, జరిగినదాంతో పాటు తమ భావాలూ రాసినవాళ్లు మిగతావాళ్లకంటే తక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లారు. తర్వాత వచ్చిన ఎన్నో ప్రయోగాలను కలిపి చూస్తే ఈ ప్రయోజనం చిన్నదేనని తేలింది కాబట్టి దీన్ని మందుగా అమ్మేవాళ్లను నేను నమ్మను. దెబ్బ ఇంకా పచ్చిగా ఉన్నా, రాస్తుంటే నిద్ర పట్టకపోయినా, టెన్షన్ తగ్గకపోయినా ఆపేయండి, కౌన్సెలర్‌ను కలవండి. కానీ గతాన్ని ముట్టుకుంటే మనశ్శాంతి పోతుందని అందరికీ ఒకే తీర్పు చెప్పడం తప్పు. పెన్నెబేకర్ తర్వాత గమనించిన ఇంకో విషయం నాకు ముఖ్యం. రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు ఎవరి రాతలో పెరిగాయో వాళ్లే ఎక్కువ బాగుపడ్డారు.

అర్థం ముందు తెలిసి ఉండాలి అన్న మాట ఇక్కడే నిలవదు. వాళ్లు అర్థం తెలుసుకుని రాయడం మొదలుపెట్టలేదు, రాస్తూ రాస్తూ దాని దాకా వచ్చారు.

రిటైరైన నర్సు ఒకామె నా దగ్గరికి వచ్చింది. ‘డ్యూటీకి వెళ్లాను, వచ్చాను, ఇంకేముంది? నా మనసు ఎప్పుడో రాయైపోయింది’ అంది. వార్డులో ఒక్క వస్తువు గురించి రాయమన్నాను. చెప్పుల గురించి రాసింది. రోగి చనిపోతే ఇంటివాళ్లు ఏడుస్తూ శవాన్ని తీసుకుపోతారు, మంచం కింద చెప్పులు ఉండిపోతాయి. వాటిని ఒక సంచిలో వేసి, మంచం నంబరు చీటీ కట్టి, బీరువా అడుగున పెట్టేదట. వాటి కోసం దాదాపు ఎవరూ వచ్చేవారు కాదు. ‘సంచి నిండితే ఆయాతో పారేయించేదాన్ని’ అని రాసి ఆగిపోయింది. కాసేపటికి కింద ఇంకో వాక్యం వచ్చింది: ‘నా చేత్తో మాత్రం ఒక్క జత కూడా పారేయలేదు.’ రాయైపోయిన మనసు చీటీలు కట్టదని ఆమెకు నేను చెప్పాల్సిన పని పడలేదు.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. ప్రతి కష్టం చివరా ‘అంతా మన మంచికే’ అని రాయాలనిపిస్తుంది. బిడ్డను పోగొట్టుకోవడంలో మంచి ఏదీ ఉండదు, దాన్నుంచి పాఠం పిండక్కర్లేదు. ఏమీ దొరకలేదని రాసిన పేజీ కూడా నిజమైన పేజీయే.

ఇక రిటైరయ్యాక రాయడం. బనారసీదాస్ మనిషి ఆయుష్షు 110 ఏళ్లని లెక్కేసి, 55 ఏళ్లకే రాసి, ‘అర్ధకథానకం’ అంటే సగం కథ అని పేరు పెట్టాడు. మీకు ఓపిక ఉండొచ్చు, మీ సాక్షులకు అంత వ్యవధి ఉండకపోవచ్చు. అమ్మో, మేనత్తో, పెదనాన్నో ఇంకా ఉంటే మీ మొదటి అధ్యాయం ఆగినా ఫరవాలేదు, ఈ వారమే వాళ్ల దగ్గర కూర్చుని పాత ఫొటోలు ముందు పెట్టండి. ఎవరు ఎవరో, ఎవరి తర్వాత ఎవరు పుట్టారో, ఆ ఇల్లు ఎందుకు అమ్మేశారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.