కట్ట భద్రత: ఇన్‌ఛార్జి మైసమ్మ

మా ఊరి చెరువు కట్ట భద్రంగా ఉందా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా: బ్రహ్మాండంగా ఉంది. దాని మీద పర్మనెంటు ఉద్యోగి ఒకరున్నారు. సెలవు పెట్టరు, బదిలీ అడగరు, పీఆర్సీ ఊసెత్తరు. ఏడాదికో యాట, బోనాలప్పుడు కాస్త కల్లు, అంతే ఖర్చు. తూము పక్కనే పసుపు కుంకుమలతో రాత్రింబవళ్లు డ్యూటీ. కట్ట మైసమ్మ.

ఇంతకుముందు ఆమెకు అసిస్టెంటు కూడా ఉండేవాడు. నీరటి. వాన పట్టిందంటే అర్ధరాత్రయినా లాంతరూ పారా పట్టుకుని కట్ట పొడుగునా నడిచేవాడు. ఎండ్రకాయ బొరియ కనబడితే బంకమట్టి కుక్కి మడమతో తొక్కేవాడు. కట్ట అడుగున ఊట కనబడితే దోసిట్లో పట్టి చూసేవాడు. తేటగా ఉంటే కట్టకు చెమట పట్టిందని వదిలేసేవాడు. మట్టిరంగులో ఉంటే ఊరిని లేపేవాడు. కట్ట కడుపులోంచి మట్టి బయలుదేరిందన్నమాట. రాత్రి వేలు పట్టే సందు తెల్లారేసరికి మనిషి దూరే బుంగవుతుంది. ఇంజినీర్లు దీన్ని పైపింగ్ అంటారు. నీరటికి ఆ పేరు తెలియదు కనుక ఆయనది విద్యార్హత కిందికి రాదు. కళ్లంలో ఆయన వాటా గింజలు ఆగిపోయాయి, తర్వాత ఆయనా పోయాడు, కొడుకు దుబాయిలో ఉన్నాడు. ఆ పోస్టు ఖాళీ అయిందని కూడా ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

అలాగని ఏలినవారు చేతులు ముడుచుకు కూర్చున్నారంటే కళ్లు పోతాయి. 2021లో ఆనకట్టల భద్రతకు దేశమంతటికీ ఒక చట్టమే వచ్చింది. ఎత్తు 15 మీటర్లు దాటినవన్నీ దాని కిందికి వస్తాయి. 10కీ 15కీ మధ్యవైతే పొడవు, నిల్వ వగైరా షరతుల్లో ఏదో ఒకటి కుదరాలి. మా కట్ట ఆరు మీటర్లు. అంటే చట్టం దృష్టిలో మాది ఆనకట్టే కాదు. ఆనకట్టే కానిది తెగే ప్రశ్న ఎక్కడిది? ఈ సంగతి నీళ్లకు నోటీసు ద్వారా తెలియజేయడమొక్కటే మిగిలింది.

చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మా చెరువులా చిన్నదేం కాదు. ఎగువన పింఛా కట్ట తెగిన వరద కూడా వచ్చి మీద పడి, దాని మట్టికట్ట 2021 నవంబర్ 19న కొట్టుకుపోయింది. దిగువన పులపత్తూరు వంటి ఊళ్లలో ఇళ్లూ పోయాయి, మనుషులూ పోయారు. చట్టం మీద రాష్ట్రపతి సంతకం డిసెంబర్‌లో పడింది. ఇక్కడ నాకు హాస్యం చేతకాదు, మా చెరువుకే వస్తాను.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని, 6 దోషాలు ఉండకూడదని అందులో చెక్కించాడు. దోషాల్లో ఒకటి, కట్టలోంచి నీళ్లు ఊరడం. ఇంకోటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. మొదటిది సరే, ఈ రెండోది మాకెందుకు వర్తిస్తుందిలే అనుకున్నాను చాలాకాలం. ఆ తర్వాత తెలిసింది, మా చెరువులో కట్ట ఒక ఆఫీసుది, నీళ్లు నిలిచే శిఖం భూమి ఇంకో ఆఫీసుది, చేపలు మూడో ఆఫీసువి, కట్ట మీది బాట పంచాయతీది. రెండు రాజ్యాలకే దోషమంటే నాలుగు రాజ్యాలను ఏమనాలో భాస్కరుడికి తట్టి ఉండదు.

పూడిక తీయలేదని అంటే మళ్లీ అబద్ధం. 2015లో తెలంగాణలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైంది, రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కతేలాయి. మా వంతు వచ్చినప్పుడు నల్లమట్టి ట్రాక్టర్లకెత్తి పొలాల్లో చల్లుకున్నాం, పంటా బాగానే వచ్చింది. కానీ చెరువు లోతైతే కట్ట గట్టిపడిందని ఊరంతా నమ్మేసింది. ఆ ధీమాతోనే ఇప్పుడు మత్తడి మీద, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు మీద, ఇసుక బస్తాలు పేరుస్తున్నాం, రెండు తడులకు ఎక్కువ నీళ్లు ఆగుతాయని. చేపలు దాటిపోకుండా కాంట్రాక్టరు వల కట్టాడు. వలకు గుర్రపుడెక్క అడ్డంపడి మూరెడు గోడ దానంతటదే లేచింది. మత్తడి దుంకిన రోజు డప్పులు, పూలు, పసుపు కుంకుమ, సెల్ఫీలు. మట్టికట్ట రాతికట్ట కాదు, నీళ్లు నెత్తి మీంచి పారితే కరిగిపోతుంది, అందుకే పెద్దలు పక్కన మత్తడి పెట్టారు అని చెప్పబోయాను. "మంచి దినం అపశకునం మాటలెందుకు సారూ, మైసమ్మ తల్లి లేదా?" అన్నాడు పక్కనాయన.

నిరుడు వానాకాలం సర్కారు తుమ్మలు కొట్టేసిన చోట, కుళ్లిన మొద్దు పక్కన నీళ్లు బుడబుడమంటున్నాయి. మనవాళ్లకు తుమ్మలు కట్టను పట్టుకుని ఉంటాయని గట్టి నమ్మకం. వేరు చచ్చిపోతే అదే నీళ్లకు సొరంగమని వేరు చెప్పదు కదా. ఒక సీసాలో పట్టుకుని ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టాను. అరగంటలో అడుగున రెండు వేళ్ల మందాన మట్టి పేరుకుంది. దాన్ని బస్సెక్కించి ఆఫీసుకు తీసుకుపోయాను.

సారు సీసాను వెలుతురుకు పట్టి చూశారు. "మీది ఏ సర్వే నంబరు?" అన్నారు. కట్టకు సర్వే నంబరు నాకెట్లా తెలుస్తుందన్నాను. "తెలుసుకొని దరఖాస్తు పెట్టండి, శాంపిలు ఇక్కడ ఉండనీయండి" అని కిటికీలో పెట్టించారు. ఎండలో తళతళ మెరుస్తోంది, పైన తేట, కింద మా కట్ట.

ఆ రాత్రి మేం నలుగురం గడ్డీ బంకమట్టీ కుక్కి, నలభై బస్తాలు వేసి ఊటను ఆపాం. ఆగింది, ప్రస్తుతానికి.

మొన్న సర్వే నంబరుతో వెళ్తే కిటికీలో సీసా లేదు. అటెండరును అడిగాను. "మురికినీళ్లు గదా సార్, కుండీల పోసిన" అని క్రోటను మొక్క చూపించాడు. నిజం చెప్పాలి, మొక్క నిగనిగలాడుతోంది.