దొంగ అర

(ఇంగ్లండ్‌లోని రెడింగ్. అద్దె ఇంటి హాల్లో సగం ఆక్రమించిన పాత ఓక్ రాతబల్ల. ప్రసాద్ దానికి తేనెమైనం పట్టిస్తున్నాడు. సుజాత చేతిలో గిన్నెలు తోమే పీచు.)

సుజాత: గంట నుంచి రుద్దుతున్నానండీ, ఈ తెల్ల మచ్చలు పోవట్లేదు.

ప్రసాద్: అయ్యో, పీచు పెట్టావా! అవి మచ్చలు కావే. దుంగని గుండె నుంచి బెరడు వైపుకి కోస్తే ఓక్‌లో అలా జరీలా మెరుస్తుంది. పైగా ఆ కోతలో చెక్క వంకర తిరగడం తక్కువ.

సుజాత: మేకు చుట్టూ ఈ నలుపో? అదీ జరీయేనా?

ప్రసాద్: ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. అప్పటి సిరా కూడా అలాంటిదే. మాచికాయ రసంలో అన్నభేది, అంటే ఇనుప లవణం, కలిపేవారు.

సుజాత: మా అమ్మమ్మ పసిపిల్లలకి అరగదీసి నాకించే మాచికాయా?

ప్రసాద్: అదే. ఓక్ జాతి చెట్టు కొమ్మలో పురుగు గుడ్డు పెడితే లేచే బుడిపె.

సుజాత: పురుగంటే గుర్తొచ్చింది. ఈ కాలి నిండా చిల్లులే.

ప్రసాద్: కింద కొత్తగా పొడి రాలట్లేదుగా? ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

సుజాత: అద్దె కట్టకుండా.

(బల్ల మూత పట్టుకుని కిందికి దించబోతుంది.)

ప్రసాద్: ఆగాగు! ముందు కింద రెండు పక్కలా ఉన్న కర్రలు బయటికి లాగాలి. మూత వాటి మీద ఆనుతుంది. లేకపోతే బందులు ఊడి చేతికొస్తాయి. 1720 నాటిది, తెలుసా!

సుజాత: ఎవరు చెప్పారు?

ప్రసాద్: అమ్మినాయన. ఈ సొరుగు మూల చూడు, పళ్ళు ఒకదాన్లో ఒకటి ఎలా కరుచుకున్నాయో. ఒక పన్ను లావు, ఒకటి సన్నం. చేత్తో కోసిన డవ్‌టెయిల్ అంటే అదీ. సొరుగు అడుగు చెక్క చార కూడా చూడాలి. ముందు నుంచి వెనక్కి ఉంటే సాధారణంగా 1730లకి ముందుది, అడ్డంగా ఉంటే తరవాతది.

(సుజాత సొరుగు లాగి బోర్లిస్తుంది. లోపలున్న చిల్లర, రెండు పెన్నులు, ఒక ఏలకుల పొట్లం నేల మీద పడతాయి.)

సుజాత: అడ్డంగా ఉంది.

ప్రసాద్: ...ఎనభై పౌండ్లకి అడ్డంగా ఉన్నా ఫర్వాలేదులే. అసలు విషయం చూడు. ఈ గూళ్ళ మధ్య ఎడమ స్తంభం లాగితే దొంగ అర!

సుజాత: ఖాళీగా ఉందే. కుడిది?

ప్రసాద్: అది రాదు. బిగుసుకుపోయింది.

సుజాత: వచ్చింది. ఇదేంటి, రసీదు? పోయిన శనివారం తేదీ ఉంది. నాలుగు వందల ఎనభై పౌండ్లు! ఎనభై అన్నారు?

ప్రసాద్: ఎనభై అబద్ధం కాదుగా. నాలుగు వందల పక్కనే ఉంది.

సుజాత: సరే. ఈ పూట మీకు అన్నం పక్కన పెట్టే ఆవకాయ ఉంటుంది. అన్నం ఉండదు.