బోర్డు పోయింది సార్

మా మామయ్యగారి జరీ పంచెను లోపల పెట్టుకుని, తలుపు బిగించుకుని వాషింగ్ మిషన్ ఆగిపోయింది. సగం దాకా నీళ్లు. మర్నాడు పొద్దున్నే సత్యనారాయణ వ్రతం. గుండ్రటి అద్దంలోంచి పంచె అంచు కనిపిస్తూనే ఉంది, చేతికి మాత్రం రాదు.

కంపెనీ కుర్రాడు వచ్చాడు. ముట్టుకోకుండానే, పైన వెలుగుతున్న అక్షరాలు చూసి "బోర్డు పోయింది సార్, ఎనిమిది వేలు" అన్నాడు. బోర్డులో ఆ పోయిన పార్టొక్కటీ మార్చకూడదా అంటే ఊడదీసి చూపించాడు. పల్లీపట్టీలో పల్లీల్లా పార్టులన్నీ జిగురులో గడ్డకట్టుకుపోయి ఉన్నాయి. తేమ తగలకుండా పోస్తారట. మెకానిక్ చెయ్యి తగలకుండా కూడానేమో! కొత్త బోర్డు రావడానికి వారం పడుతుందని చెప్పి, విజిటింగ్ ఛార్జీ తీసుకుని వెళ్లిపోయాడు.

మామయ్యగారికి రిటైరయ్యాక పేపరు చదవడమే ఉద్యోగం.

"అల్లుడుగారూ, రిపేరు హక్కని ఒకటుంది, కొన్న వస్తువుని మనకి నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు. 2022లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసింది. ఆ డిసెంబరు 24న పోర్టల్ కూడా పెట్టింది."

"చట్టం వచ్చిందాండీ?"

"చట్టం రాలేదు. పోర్టల్ వచ్చింది."

మా ఆవిడ వెంటనే ఫోన్లో ఆ పోర్టల్ తెరిచి వెతికింది. కంపెనీ పేరు దొరికింది, పక్కనే కస్టమర్ కేర్ నంబరూ ఉంది. పొద్దుట్నుంచీ మేం "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనిపించుకుంటున్న నంబరే అది.

మామయ్యగారు తగ్గలేదు. "ఫ్రాన్సులో 2021లోనే ఇలాంటి మిషన్లకి, ఎంత సులువుగా బాగుచేయొచ్చో చూసి పదికి మార్కులేసి ధర పక్కనే పెట్టడం మొదలెట్టారు. మన దగ్గరా ఫోన్లకీ ఎలక్ట్రానిక్ వస్తువులకీ అలాంటి మార్కులు పెట్టమని 2025లో ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది."

"నాన్నా, రేపు వ్రతానికి కమిటీని కట్టుకుని కూర్చుంటావా?" అంది మా ఆవిడ.

చివరికి సందు మొదట్లో మిక్సీలు బాగుచేసే అన్నని పిలుచుకొచ్చాను. బోర్డు జోలికే పోలేదతను. మిషన్ కింద మూలన చిన్న మూత ఒకటుంది. ఇన్నేళ్లుగా మేం దాన్ని అలంకారం అనుకున్నాం. అది తీసి, లోపల బిరడా తిప్పాడు. నీళ్లన్నీ పోయాక అక్కడే ఉన్న తాడు లాగితే తలుపు తెరుచుకుంటుందట. కంపెనీ కుర్రాడు ఈ ముక్క ఎందుకు చెప్పలేదో ఆ సత్యదేవుడికే తెలియాలి.

నీళ్లు ఒక్కసారిగా ఉరికాయి. మామయ్యగారు పక్కనే పీటేసుకుని కూర్చుని, "బాబూ, నువ్వైతే ఈ మిషన్‌కి పదికి ఎన్ని మార్కులేస్తావ్?" అని అడిగారు.

"మార్కులు తర్వాత సార్, ముందుగాల కాళ్లు పైకి పెట్టుకోండ్రి."